తెల్ల ముళ్ళ చిన్న మొక్క, నాగజెముడు పెద్ద కథ



వేలూరులో గానీ, గుడియాత్తంలో గానీ, చిత్తూరు, పలమనేరు వైపు గానీ ఏ నర్సరీకి వెళ్ళినా, గులాబీలూ క్రోటన్లూ దాటాక ఒక మూల చిన్న చిన్న కుండీల్లో ముళ్ళ మొక్కలు వరుసగా కనిపిస్తాయి. వాటిలో ఒకటి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అరచేతిలో ఇమిడే పచ్చని బిళ్ళ, దానిపైన కుందేలు చెవుల్లాగా మరో రెండు బిళ్ళలు, ఒళ్ళంతా తెల్లని చుక్కలు. దూరం నుంచి చూస్తే ఎవరో పిండితో చుక్కల ముగ్గు పెట్టినట్టుంటుంది. మెత్తగా ఉంటుందేమోనని పిల్లలు వేలు పెడతారు. ఆ తరువాత గంటసేపు ఆ వేలును వెలుతురులో పట్టుకుని తల్లి వెతుకుతూనే ఉంటుంది. ముల్లు కనిపించదు, మంట మాత్రం తగ్గదు.

ఈ మొక్కను శాస్త్రజ్ఞులు ఒపన్షియా మైక్రోడేసిస్ అంటారు. అందులో తెల్ల ముళ్ళది ఆల్బిస్పైనా అనే రకం. పుట్టిల్లు మెక్సికో దేశపు మధ్య, ఉత్తర భాగాల్లోని ఎండు నేలలు. మన పొలాల గట్ల మీద, పాడుబడిన కోటగోడల వెంట, రైలు కట్టల పక్కన పెరిగే నాగజెముడుకు ఇది స్వయానా చెల్లెలి వరస. ఈ చిన్న మొక్క లక్షణాలను ముందు తెలుసుకుని, ఆ తరువాత దాని అక్కగారు మన జిల్లాల్లో ఎలా అడుగుపెట్టిందో, ఎలా ఊళ్ళను ఆక్రమించిందో, చివరికి ఎవరి చేతిలో ఓడిపోయిందో ఈనాటి ప్రసంగంలో చూద్దాం.

మొక్కను గుర్తుపట్టడం దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. తెలుగులో జెముడు అన్న ఒక్క మాటకింద రెండు వేరువేరు కుటుంబాలను చేర్చేశాం. తమిళంలో కళ్ళి అన్న మాట కూడా అంతే. బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు మన దేశంలో ఎప్పటినుంచో ఉన్నవి. వాటిని గిల్లితే తెల్లని పాలు కారతాయి. ఆ పాలు కంటిలో పడితే ప్రమాదం. కాక్టస్ కుటుంబం అది కాదు. నాగజెముడు బిళ్ళను విరిస్తే పాలు రావు, జిగురు నీరు వస్తుంది. ఇది మొదటి గుర్తు.

రెండో గుర్తు ఇంకా సూక్ష్మమైనది. కాక్టస్ ఒంటిమీద ముల్లు ఎక్కడ పడితే అక్కడ పుట్టదు. ఒక చిన్న మెత్తటి దిండులాంటి చుక్క ఉంటుంది. ముల్లు వచ్చినా, పువ్వు వచ్చినా, కొత్త కొమ్మ వచ్చినా ఆ చుక్కలో నుంచే రావాలి. ఇలాంటి చుక్క కాక్టస్ కుటుంబానికి మాత్రమే ఉన్న ముద్ర. మనం చెప్పుకున్న చిన్న మొక్క మీది తెల్లని చుక్కలు ఇవే. దానికి పెద్ద ముళ్ళు ఉండవు. ప్రతి చుక్కలోనూ రెండు మూడు మిల్లీమీటర్ల పొడవున్న సన్నని నూగు ముళ్ళు గుత్తులు గుత్తులుగా ఉంటాయి. ఒక్కొక్క నూగుకూ గాలానికి ఉన్నట్టు వెనక్కి తిరిగిన పంటి గరుకులు ఉంటాయి. అందుకే లోపలికి సులువుగా దిగుతుంది, వెనక్కి రాదు. వేలితో రుద్దితే ఇంకా లోపలికి పోతుంది. అతికే టేపును అద్ది పైకి లాగడం మేలు.

మూడో గుర్తు, దానికి ఆకులు నిలవకపోవడం. లేత బిళ్ళ మీద చిన్న మొటిమల్లాంటి ఆకులు వచ్చి కొద్ది రోజుల్లో రాలిపోతాయి. ఆకు చేయవలసిన పనంతా కాండమే చేస్తుంది. మనం ఆకు అనుకునే ఆ పచ్చని బిళ్ళ నిజానికి కాండం. నాలుగోది, ఊపిరి తీసుకునే పద్ధతి. తక్కిన మొక్కలు పగలు తమ రంధ్రాలను తెరిచి గాలిని తీసుకుంటాయి. ఆ తెరిచిన దారినే నీరు కూడా ఆవిరైపోతుంది. కాక్టస్ పగలంతా తలుపులు మూసుకుని కూర్చుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. రాత్రి తీసుకున్న గాలిని దాచుకుని పగటి వెలుతురులో వంట చేసుకుంటుంది. వేలూరు ఎండలు తెలిసినవాళ్ళకు ఈ ఏర్పాటు విలువ వేరే చెప్పనక్కరలేదు. ఆ తెల్లని ముళ్ళూ నూగూ కూడా అలంకారం కోసం కాదు. ఎండను కొంత వెనక్కి కొడతాయి, కాండానికి కొంత నీడనిస్తాయి, పశువును దగ్గరకు రానివ్వవు.

ఐదోది, మన కథకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఈ జాతి మొక్కలో ఒక బిళ్ళ విరిగి నేలమీద పడితే చాలు, అక్కడే వేరు తొడుగుతుంది. విత్తనం అక్కరలేదు, నాటేవాడు అక్కరలేదు. మొక్కను నరికి పోగులు పెట్టిన రైతు ఒక మొక్కను పది మొక్కలు చేసినవాడవుతాడు. పండ్లను పక్షులు తిని గింజలను ఊరూరా పంచుతాయి. వరద వస్తే బిళ్ళలు వాగు వెంట కొట్టుకుపోయి కొత్త గట్టున పాతుకుంటాయి.

శ్రోతలారా, కాక్టస్ కుటుంబం దాదాపు మొత్తంగా అమెరికా ఖండాలకు చెందినది. సింహళంలోనూ ఆఫ్రికాలోనూ చెట్లమీద వేలాడే ఒకే ఒక్క జాతి తప్ప, పాత ప్రపంచంలో స్వతహాగా పుట్టిన కాక్టస్ లేదు. అంటే మన తాతలకు పల్లె పొలిమేరలో కనిపించిన నాగజెముడు కూడా పరదేశి మొక్కే. అది ఐరోపావారి ఓడలతో పాటు వచ్చింది. పేర్లలో కూడా ఆ కొత్తదనం కొంత నిలిచిపోయింది. తమిళంలో దీన్ని సప్పాత్తికళ్ళి అంటారు, కన్నడంలో పాపాసుకళ్ళి అంటారు. పాపాసు అంటే చెప్పు అని పాత తెలుగు వాడుక కూడా ఉంది. సప్పాత్తు అంటే బూటు, అది పోర్చుగీసు మాట నుంచి వచ్చింది. బిళ్ళను చూసి ఇద్దరికీ చెప్పు అడుగే గుర్తొచ్చినట్టుంది. తెలుగువాడికి మాత్రం పడగ విప్పిన పాము గుర్తొచ్చింది. అందుకే నాగజెముడు అయింది. మూడు భాషలు కలిసే మన సరిహద్దు ఊళ్ళలో ఈ మూడు పేర్లూ వినిపించవచ్చు.

ఇక చరిత్రలోకి వెళదాం. మెక్సికోలో ఈ మొక్కల మీద ఒక చిన్న పురుగు బతుకుతుంది. పేరు కొచినీల్. ఆడ పురుగు బిళ్ళకు అతుక్కుని రసం పీలుస్తూ ఒంటిమీద తెల్లని దూదిలాంటి మైనాన్ని కప్పుకుంటుంది. దాన్ని చిదిమితే చెయ్యి ఎర్రగా అవుతుంది. ఆ ఎరుపు ఎంత మేలైనదంటే, స్పెయిన్ పాలనలో ఉన్న మెక్సికో నుంచి వెండి తరువాత అంత విలువైన ఎగుమతి సరుకు అదే. ఒక పౌను రంగుకు, అంటే అరకిలోకు కొంచెం తక్కువకు, సుమారు 70,000 పురుగులు కావాలి. రాజుల దుస్తులకూ, ఇంగ్లీషు సైన్యాధికారుల ఎర్ర కోట్లకూ ఆ రంగే. స్పెయిన్ ఆ పురుగును బయటికి పోనివ్వకుండా కాపాడుకుంది. 1777లో థియరీ ద మెనోన్‌విల్ అనే ఫ్రెంచివాడు మెక్సికోలోని ఒహాకా దాకా వెళ్ళి, పురుగులున్న మొక్కలను దొంగతనంగా పట్టుకొచ్చాడంటే దాని విలువ ఎంతో ఊహించుకోండి.

ఈస్టిండియా కంపెనీ కన్ను కూడా దానిమీద పడింది. మద్రాసులో కంపెనీ వైద్యాధికారిగా ఉన్న డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ 1786లో అక్కడి గడ్డిమీద ఒక ఎర్ర పురుగును చూసి, ఇది కొచినీల్ జాతిదే అని ఆశపడి లండన్‌లోని జోసెఫ్ బ్యాంక్స్‌కు ఉత్తరాలు రాశాడు. ఆ పురుగు పనికిరాలేదు. కానీ ఆశ చావలేదు. మద్రాసు పొలిమేరలో, సైదాపేట దగ్గర, నాగజెముడు జాతుల కోసమే ఒక తోట వేశారు. దాన్ని నోపాల్రీ అన్నారు. మెక్సికోవారు ఈ మొక్కను నోపాల్ అంటారు, అందుకని ఆ పేరు. లండన్ దగ్గరి క్యూ తోట నుంచి కూడా మొక్కలు తెప్పించారు. ఆండర్సన్ బంధువు ఆండ్రూ బెర్రీ ఆ తోటను చూసుకున్నాడు. మొక్కలు సిద్ధమయ్యాయి, పురుగు మాత్రం రాలేదు.

అది 1795లో వచ్చింది. కెప్టెన్ నీల్సన్ అనే సైనికాధికారి ఇంగ్లండు నుంచి వస్తూ దారిలో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో ఆగి, పురుగులున్న మొక్కలను ఓడలో వేసుకుని కలకత్తా చేరాడు. అప్పుడు కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు అధికారి విలియం రాక్స్‌బరో. ఈ రాక్స్‌బరో మనకు కొత్తవాడు కాదు. అంతకుముందు సామర్లకోటలో ఉండి గోదావరి ప్రాంతపు మొక్కలను తెలుగు పేర్లతో సహా నమోదు చేసినవాడు. పురుగులను ఆయన తోటలో రకరకాల నాగజెముళ్ళ మీద వదిలారు. అక్కడ ఒక వింత జరిగింది. ఎంతో ఖర్చుపెట్టి పరదేశం నుంచి తెప్పించిన మొక్కలను పురుగు లెక్కచేయలేదు. అప్పటికే బెంగాల్‌లో కంచెలుగా పాతుకుపోయిన ఒక రకాన్ని మాత్రం ఆబగా తింది. ఆ మొక్కను ఈనాడు ఒపన్షియా మోనకాంథా అంటున్నారు.

కంపెనీవారు సంబరపడ్డారు. పురుగు పిల్లలు మద్రాసుకూ వచ్చాయి. కానీ రంగు తీసి చూస్తే పస తక్కువ. కారణం తరువాతి కాలంలో తేలింది. నీల్సన్ తెచ్చినది మెక్సికోలో రైతులు తరతరాలుగా పెంచిన మేలిరకం పురుగు కాదు, దక్షిణ అమెరికాలోని అడవి రకం. ఒంటినిండా దూది ఎక్కువ, రంగు తక్కువ. 1800లో మద్రాసు నోపాల్రీని మూసేశారు. 1809లో ఆండర్సన్ కన్నుమూశాడు. చిరివేరుతోనూ, లక్కతోనూ ఎరుపు అద్దే మన అద్దకంవాళ్ళ పనికి ఈ పరదేశి పురుగు పోటీ కాలేకపోయింది. వాళ్ళ పనికి దెబ్బ తగిలింది వేరే వైపు నుంచి. 1868లో జర్మనీలో ఎర్ర రంగును రసాయనశాలలో తయారుచేసే విధానం కనిపెట్టారు. ఆ తరువాత చిరివేరూ పోయింది, ప్రపంచంలో కొచినీల్ ధరా పడిపోయింది.

కంపెనీ వ్యాపారం పోయింది గానీ నాగజెముడు పోలేదు. అసలు కష్టం అప్పుడే మొదలైంది.

మొదట్లో ఈ మొక్కను జనమే ఇష్టపడి నాటుకున్నారు. పొలానికి కంచె కావాలి, దొడ్డికి అడ్డు కావాలి, కోట చుట్టూ శత్రువు చొరకుండా ముళ్ళ పొద కావాలి. రాళ్ళు మోయనక్కరలేదు, నీళ్ళు పోయనక్కరలేదు. ఉత్తరాదిన ఉప్పు పన్ను ఎగ్గొట్టకుండా తెల్లదొరలు వందల మైళ్ళు పెంచిన ముళ్ళకంచెలో కూడా నీరు లేని చోట్ల నాగజెముడే నాటారు. కరవు వస్తే ముళ్ళు కాల్చి బిళ్ళలను పశువులకు పెట్టారు. పండు పైని నూగు ముళ్ళను గరుకు నేలమీద దొర్లించి తీసేసి, పిల్లలు ఎర్రటి గుజ్జును తిని నోళ్ళు ఎర్రగా చేసుకున్నారు. ఇన్ని ఉపయోగాలున్న మొక్కను ఎవరు కాదంటారు?

కానీ కంచెగా నాటినది కంచెగా ఆగలేదు. బీళ్ళలోకి, మేత నేలల్లోకి, చెరువు గట్లమీదికి, శ్మశానాల్లోకి పాకింది. దక్షిణాదిన ముఖ్యంగా పాకిన రకం ఒపన్షియా డిల్లెనై. పసుపుపచ్చని బలమైన ముళ్ళు, పసుపు పూలు, ఊదా ఎరుపు పండ్లు. పాములకూ ఎలుకలకూ పందులకూ అది నివాసం. నరికితే పెరుగుతుంది, తగలబెడితే పచ్చిగా ఉండి మండదు, పాతిపెడితే మొలుస్తుంది. మనం మొదట చెప్పుకున్న ఐదో లక్షణం ఇక్కడ రైతు పాలిట శాపమైంది. ఒక మొక్క స్వభావం తెలుసుకోకుండా దాన్ని ఊళ్ళోకి పిలిస్తే ఎంత ఖరీదు కట్టవలసి వస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఈలోగా ఒక సంగతి కొందరి కంట పడింది. రంగు కోసం తెచ్చి, పనికిరాదని వదిలేసిన ఆ అడవి కొచినీల్, ఉత్తరాదిన మోనకాంథా పొదలను తినితిని మాపేసింది. రంగువాడికి పనికిరాని పురుగు రైతుకు పనికొచ్చింది. అది చూసి 1836, 1838 మధ్య ఆ పురుగును కావాలనే దక్షిణాదికి తెచ్చి వదిలారు. 1860ల్లో ఇక్కడి నుంచి సింహళానికి పట్టుకెళ్ళారు. ఒక కలుపు మొక్కను అణచడానికి ఒక దేశం నుంచి మరో దేశానికి ఉద్దేశపూర్వకంగా పురుగును తీసుకెళ్ళడం ప్రపంచంలో అదే మొదటిసారి అని ఈ శాస్త్రం చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. పరదేశాల గొప్పలు మనం ఎన్నో వింటాం. ఈ విద్యలో తొలి పాఠం మాత్రం మన నేలమీద నేర్చుకున్నదే.

అయినా డిల్లెనై రకం చావలేదు. ఆ పురుగు దాన్ని ముట్టలేదు. మనిషి కంటికి రెండూ నాగజెముళ్ళే, రెండూ ముళ్ళ బిళ్ళలే. పురుగుకు మాత్రం అవి రెండు వేరువేరు మొక్కలు. వృక్షశాస్త్రజ్ఞుడు ముళ్ళను లెక్కపెట్టి, చుక్కల దూరం కొలిచి, పువ్వు రంగు రాసుకుని జాతులను ఎందుకు విడదీస్తాడని మనకు ఒక్కోసారి విసుగనిపిస్తుంది. ఆ లెక్క తప్పితే పురుగు పనిచేయదు, పొలం బాగుపడదు. నర్సరీలో చిన్న తెల్ల ముళ్ళ మొక్కకు ఒక పేరు, పక్కనున్న దానికి ఇంకో పేరు పెట్టడం వెనక ఉన్న ప్రయోజనం ఇదే.

డిల్లెనైకి తగిన పురుగు కోసం వెతుకులాట ఆస్ట్రేలియాలో జోరుగా సాగింది. ఆ ఖండానికి నాగజెముడు 1788లో మొదటి వలస ఓడలతోనే వెళ్ళింది, అదీ రంగు పురుగు ఆశతోనే. 1920ల నాటికి అక్కడ సుమారు 6 కోట్ల ఎకరాలను ఈ జాతి మొక్కలు ఆక్రమించాయి. రైతులు ఇళ్ళు వదిలి వెళ్ళిపోయారు. 1912 నుంచి 1914 వరకు ఆ దేశపు నిపుణులు ఇద్దరు ప్రపంచమంతా తిరిగారు. భారతదేశానికీ సింహళానికీ కూడా వచ్చి ఇక్కడ పురుగు చేసిన పనిని కళ్ళారా చూసి, దాన్ని పట్టుకెళ్ళారు. తరువాత ఉత్తర అమెరికా నుంచి మరో రకం కొచినీల్‌ను తెచ్చారు. దాని పేరు డాక్టిలోపియస్ ఒపన్షియే. అర్జెంటీనా నుంచి ఒక చిమ్మటను కూడా తెచ్చారు. ఆ చిమ్మట గొంగళిపురుగులు పదేళ్ళు గడవకముందే అడవులకు అడవులను కుళ్ళబెట్టేశాయి.

ఆ కొత్త కొచినీల్ సింహళం మీదుగా 1926లో మద్రాసు రాజధానికి వచ్చింది. ఈసారి సరైన మొక్కకు సరైన పురుగు దొరికింది. డిల్లెనై పొదలమీద తెల్లని దూది కనిపించడం మొదలైంది. కొద్ది నెలల్లో బిళ్ళలు పసుపుబారి వంగిపోయి రాలాయి. గాలి కొట్టుకెళ్ళిన చోటికల్లా పిల్ల పురుగులు వెళ్ళాయి. రైతులు కూడా పురుగు పట్టిన బిళ్ళలను తెచ్చి తమ పొదలమీద వేసుకున్నారు. ఐదారేళ్ళలో వేల ఎకరాల నేల మళ్ళీ కంటికి కనిపించింది. మద్రాసు రాజధాని పురుగుల శాస్త్రజ్ఞుడు టి.వి. రామకృష్ణ అయ్యర్ 1931లో దక్షిణాది నాగజెముడు పురుగుల మీద ఒక వ్యాసం రాసి ఈ సంగతులను నమోదు చేశారు. ఆ రోజుల్లో వేలూరు, గుడియాత్తం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. 1911లో విడిపోయేదాకా చిత్తూరు కూడా ఆ జిల్లాలోదే. జిల్లా గీత మారింది, ఇప్పుడు రాష్ట్రాల గీత కూడా మధ్యన ఉంది. కౌండిన్య నది ఈ గీతలను చూసి ఆగదు. బిళ్ళ గానీ పురుగు గానీ అంతే.

శ్రోతలారా, కథ ఇక్కడితో సుఖాంతమైతే బాగుండేది. కానీ చరిత్ర అలా ముగియదు. 1926లో మనకు మేలు చేసిన ఆ పురుగే 2014లో ఆఫ్రికాలోని మొరాకో దేశంలో కనిపించింది. అక్కడ నాగజెముడు కలుపు కాదు, రైతుకు పండ్ల తోట, పశువుకు మేత. ఆ తోటలు ఎకరాలకు ఎకరాలు ఎండిపోయాయి. అదే పురుగు ఒక చోట దేవుడు, ఒక చోట దయ్యం. మన దేశంలో కూడా ఇప్పుడు ముళ్ళులేని నాగజెముడును మెట్టభూముల్లో మేతకోసం పెంచాలని ప్రయత్నాలు జరుగుతున్నాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలి సంస్థలు దానిమీద పనిచేస్తున్నాయి. 2022లో కేంద్ర ప్రభుత్వం వాటర్‌షెడ్ పథకంలో దీనికి చోటు కల్పించింది. కరవు నేలకు అది మంచి మాటే. అయితే ఏ రకం నాటుతున్నాం, అది దానంతట అది పాకుతుందా, దాని పురుగు మన పొలిమేరలో ఇప్పటికే ఉందా అన్న మూడు ప్రశ్నలు ముందే వేసుకోవాలి. నూరేళ్ళ కింద వేసుకోని ప్రశ్నలు అవే.

పాలారు ఇసుకలో, చెరువుల్లో నేడు అల్లుకుపోయిన సీమ కరువేలం, అంటే మన సర్కారు తుమ్మ, కూడా ఒకప్పుడు వంటచెరకుకు మంచిదని తెచ్చినదే. కొండవాలుల్లో పాకిన లాంటానా పువ్వు బాగుందని తోటలకు తెచ్చినదే. ప్రతిసారీ తెచ్చినవాడి ఉద్దేశం మంచిదే. మొక్క స్వభావం మాత్రం ఉద్దేశాన్ని అడగదు.

మరి ఆ చిన్న తెల్ల ముళ్ళ మొక్కను ఇంట్లో పెంచుకోవచ్చా? తప్పకుండా పెంచుకోవచ్చు. కుండీలో సగానికి సగం ఇసుక కలిపిన మట్టి వేయండి, అడుగున నీరు పోయే రంధ్రం ఉండేలా చూడండి. మన ప్రాంతంలో ఐప్పసి, కార్తిక మాసాల వానకు తడవనీయకండి, వేరు కుళ్ళుతుంది. పసిపిల్లల చేతికి అందకుండా పెట్టండి. మొక్క పెద్దదై బిళ్ళలు తుంచవలసి వస్తే మాత్రం వాటిని పెంటకుప్ప మీదా, కాలువ గట్టు మీదా పారేయకండి. ఎండలో పూర్తిగా ఎండనిచ్చి, మండేలా అయ్యాక తగలబెట్టండి.

ఈసారి ఊరి బయట ఎక్కడైనా మిగిలిన నాగజెముడు పొద కనిపిస్తే ఒక్క క్షణం ఆగి చూడండి. బిళ్ళ మీద తెల్లని దూది అంటుకుని ఉంటే చిన్న పుల్లతో చిదిమి చూడండి. పుల్ల చివర ఎర్రబడితే, 1926లో సింహళం మీదుగా వచ్చిన ఆ అతిథి సంతతి ఇంకా కాపలా కాస్తున్నట్టే.